ఒంటరిగా చేస్తూ ఆగిపోయారా? మెషీన్‌ను నలుగురిలో పెట్టండి

ఏళ్లుగా ఇంట్లో ఒక్కరే ఏదో మెషీన్ తయారు చేస్తూ ఒకేచోట ఆగిపోయారా? దాన్ని అటకెక్కించే ముందు ఒక కాగితం మీద రాయండి: ఏది పనిచేసింది, ఏది చేయలేదు, కొలతలు ఎంత. ఆ కాగితంతో సహా మెషీన్‌ను నలుగురి ముందు పెట్టండి.

నేను మూడేళ్లు వేరుశనగ కాయలు ఒలిచే మెషీన్‌తో కుస్తీ పట్టాను. జల్లెడకూ, పైన తిరిగే రబ్బరు పలకకూ మధ్య సందు తగ్గిస్తే గింజ పగిలేది. పెంచితే చిన్న కాయలు ఒలవకుండానే కిందికి జారేవి. ఇక నా ఒక్కడి వల్ల కాదని ఒప్పుకోవడానికి చాలా బాధపడ్డాను. మా ఊరి వెల్డర్ అన్న చూసి, బోల్టు రంధ్రాన్ని పొడుగ్గా కోశాడు. ఇప్పుడు కాయను బట్టి సందు మార్చుకోవచ్చు. ఏటా విత్తనాలకు చేత్తో ఒలిచే పెద్దమ్మ, "ముందురోజు రాత్రి కాయల మీద కాసిని నీళ్లు చిలకరించు నాయనా" అంది. గింజ పగలడం బాగా తగ్గింది. మూడేళ్లలో నాకు ఆ ఆలోచనే రాలేదు.

చూపించేటప్పుడు "ఎలా ఉంది?" అనకండి, "మీరైతే ఏం మారుస్తారు?" అని అడగండి. పేటెంట్ ఆలోచన ఉంటే మాత్రం బయటపెట్టకముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువుంటుంది. హైదరాబాద్‌కు దగ్గర్లో ఉన్నవాళ్లు రాయదుర్గంలో నమూనా మెషీన్లు తయారు చేసుకునే కేంద్రం టీ-వర్క్స్ కూడా ఒకసారి చూసి రండి.