బ్యాండు మేళం బొమ్మ వేస్తున్నారా? బంగారు రంగు డబ్బా పక్కన పెట్టేయండి

పెళ్ళిళ్ళ సీజన్‌లో నెల్లూరులో ఏ కల్యాణ మండపం ముందు నిలబడినా చాలు, బ్యాండు మేళం దొరుకుతుంది. చిన్న స్కెచ్ బుక్కు, ఒక పెన్ను పట్టుకుని వెళ్ళండి.

మొదటి పాటకి మనుషుల్ని గీయొద్దు, పేపర్ వైపు చూడనూ వద్దు. డ్రమ్ము దెబ్బ పడితే చుక్క, ట్రంపెట్ పైకి లాగితే గీత కూడా పైకి, తాళాలు మోగితే పిచ్చిగీతలు, అలా చెయ్యి ఎటు పోతే అటు పోనివ్వండి. నాలుగైదు పేజీలు చెత్తలాగే కనబడతాయి. పారేయకండి, తర్వాత బొమ్మకి బ్యాక్‌గ్రౌండ్‌గా అవే పనికొస్తాయి.

ఇక మనుషులు. ఉబ్బిన బుగ్గలు అందరూ గీస్తారు, వేళ్ళ దగ్గరే దొరికిపోతాం. నేను ఒకసారి గీసింది చూపిస్తే ట్రంపెట్ వాయించే కుర్రాడు నవ్వి, "ఏందన్నా, ఎడం చేత్తో నొక్కిస్తున్నావే" అన్నాడు. ఎడం చెయ్యి పట్టుకోడానికి, మూడు మీటలూ నొక్కేది కుడి చేత్తో. ఇంకోటి, క్లారినెట్‌కి పసుపు పూయకండి, అది నలుపు.

రంగుల్లో మాత్రం కొంచెం ఓపిక కావాలి. బంగారు రంగు పూస్తే ఇత్తడి కాస్తా గిఫ్టు ప్యాకింగ్ కాగితంలా తయారవుతుంది. మెరుగు పెట్టిన ఇత్తడి అద్దం లాంటిది, చుట్టూ ఏముంటే అది చూపిస్తుంది. పగలైతే గొట్టం పైభాగాన ఆకాశం నీలం, కింద రోడ్డు మట్టి రంగు, పక్కనే వాయించేవాడి ఎర్రకోటు సాగిపోయి ఒక చార. వీటి మధ్యలో ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), నీడకి బర్న్‌ట్ సియెన్నా (ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు). వాటర్ కలర్ అయితే మెరుపు ఉన్నచోట పేపర్ తెల్లగా వదిలేయాలి, పొరపాటున అక్కడ రంగు పడిందంటే మళ్ళీ ఆ తెలుపు రాదు, అందుకే నేను ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటా. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) మందపాటి పేపర్ తీసుకోండి, పల్చటిదైతే తడికి వంకర్లు పోతుంది.

రాత్రి ఊరేగింపు ఇంకా తేలిక. ట్యూబులైట్లు ఇత్తడి మీద తెల్లటి పొడుగు గీతల్లా పడతాయి, మిగతాదంతా దాదాపు చీకటే. ముదురు రంగు పేపర్ మీద తెల్ల పెన్సిల్, ఒక పసుపు చాక్‌పీసు ఉంటే పది నిమిషాల్లో అయిపోతుంది, అయితే జెనరేటర్ బండికి మాత్రం దూరంగా నిలబడండి, ఆ పొగకి కళ్ళు మండి ఏమీ గీయలేరు.