మెట్ట చేనులో ఇంటి తిండిని ముందు పండించుకోవడం ఎలా?

మా పలమనేరు వైపు మెట్ట చేలల్లో వానాకాలం పంటంటే చెనక్కాయే (వేరుశనగ). ఒక ఏడు మేమూ ఉన్న రెండెకరాలకు రెండెకరాలు చెనక్కాయే వేశాం. సరిగ్గా కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. కాయలు లొట్టపోయాయి. సంక్రాంతి దాటేసరికి రాగులు, బేడలు (పప్పు) అంగట్లో అప్పు పెట్టి తెచ్చుకున్నాం. రాగులు పండే నేల పెట్టుకుని రాగులు కొనడం మా అవ్వకు మింగుడుపడలేదు. "తినేది ముందు విత్తండి, అమ్మేది తర్వాత చూద్దాం" అంది. మరుసటి ఏటి నుంచి అదే చేస్తున్నాం.

ముందు లెక్క వేయండి. రేషన్ బియ్యం మనిషికి నెలకు 5 కిలోలు వస్తాయి. కడుపు కొంత నిండుతుంది కానీ పప్పు, బలం వేరే చూసుకోవాల్సిందే. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాముల పైనే. తెల్ల బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. ఐదుగురున్న ఇంట్లో రోజుకు కిలో రాగిపిండి, 200 గ్రాముల బేడలు అనుకుంటే ఏడాదికి 365 కిలోల రాగులు, 73 కిలోల బేడలు కావాలి. గోడ మీద రాసిపెట్టుకోండి.

తర్వాత నేల పంచండి. రెండెకరాలుంటే అర ఎకరం రాగికి. మిగతా ఎకరన్నరలో చెనక్కాయ మానమనడం లేదు, చేతికి డబ్బు కావాలి కదా. కానీ ప్రతి ఏడు సాళ్ల చెనక్కాయకు ఒక సాలు కంది వేయండి. కంది వేరు లోతుకు దిగుతుంది, చెనక్కాయ వాడిపోయిన చోట కూడా నిలబడుతుంది.

అసలు మెలకువంతా రాగి దగ్గరే ఉంది. చేలో నేరుగా చల్లేకన్నా నారు పోసి నాటడం మంచిది. అర ఎకరానికి కిలో విత్తనం, రెండున్నర సెంట్ల నారుమడి చాలు. వాన ఆలస్యమైనా ఆ కాస్త మడికి బిందెలతో నీళ్లు పోసి నారు బతికించుకోవచ్చు. చల్లిన చేనుకు ఆ వీలుండదు. నారంతా ఒకేసారి పోయకండి, పదిరోజుల తేడాతో రెండు విడతలుగా పోయండి. పదును (నాటడానికి సరిపడా నేల తడి) దొరికిన రోజున ఏదో ఒక నారు నాటే ఈడులో, అంటే మూడు నాలుగు వారాల వయసులో ఉంటుంది. విత్తనానికి తిరుపతి దగ్గరి పెరుమాళ్లపల్లి పరిశోధన స్థానం నుంచి వచ్చిన వకుళ, తిరుమల రకాల్లో ఏది దొరుకుతుందో రైతు సేవా కేంద్రంలో అడగండి.

ఎనిమిది సాళ్ల రాగికి ఒక సాలు అనప (చిక్కుడు జాతి పంట) పెట్టండి. పొద్దు కురచయ్యాకే అనప పూతకొస్తుంది. రాగి కోసిన తర్వాత చేను మొత్తం దానిదే. ఈశాన్య రుతుపవనాల వానలు కూడా దానికి, కందికి కలిసొస్తాయి. సంక్రాంతికి అనపకాయలు, పితికిపప్పు పులుసు, మిగిలిన గింజలు ఎండబెడితే ఎండాకాలం కూర!

ఆగస్టు గడిచిపోతున్నా పదును దొరక్కపోతే రాగి కోసం ఇంకా ఎదురుచూడకండి. సెప్టెంబరులో ఎప్పుడు తడిసినా ఉలవలు చల్లేయండి. ఎకరానికి 8 నుంచి 10 కిలోల విత్తనం పడుతుంది. ఇంటికి ఉలవచారు, పశువులకు పొట్టు. ఆ విత్తనం ముందే ఇంట్లో ఉండాలి, వాన పడ్డాక వెతుక్కుంటే పదును ఆరిపోతుంది.

ఇంటి దగ్గర స్నానాల నీళ్లు పారే చోట ఒక మునగ, ఒక బొప్పాయి, కాస్త తోటకూర, గోంగూర. చేలో తానుగా మొలిచే గురుగాకు, చెంచలాకు కూరాకులే, కలుపని పారేయకండి. ఇంకో మాట గట్టిగానే చెబుతాను: పాలన్నీ డైరీకి పోయకండి. పిల్లల గ్లాసు తీసిపెట్టి మిగిలినవే పోయండి.

రాగులు బాగా ఎండితే చాలు, ఏళ్ల తరబడి పురుగు పట్టదు. మంచి ఏడు మిగిలినవి చెడ్డ ఏటికి దాచుకోవచ్చు. కంది, అనప, ఉలవలు అలా కావు. కరకరలాడేలా ఎండబెట్టి, విత్తనానికి దాచే గింజలకు ఆముదం పట్టించి, డబ్బాలో గాలి చొరకుండా మూయాలి. కోతకు ముందే చేనంతా తిరిగి నిండైన రాగి కంకులు ఏరి విత్తనానికి వేరే మూట కట్టండి. ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా ఆ మూట మాత్రం విప్పకండి.