అనంతపురం ఎండలో పాత కారుకు మొదటిసారి రంగు

పాత మారుతి 800కి రంగు నిలవాలంటే అసలు పనంతా రంగు చిమ్మే స్ప్రే గన్ పట్టకముందే జరగాలి. తుప్పును 80 నంబరు ఎమరీతో మెరిసే ఇనుము కనబడేదాకా గీకాలి. తుప్పు మీదే పుట్టీ పెడితే పొక్కులు లేస్తాయి. 100 గ్రాముల పుట్టీకి 2 గ్రాముల హార్డెనర్ (గట్టిపరిచే మందు) చాలు. పుట్టీని పొడిగానే రుద్దండి, నీళ్లు తగిలితే పీల్చుకుని అడుగున మళ్లీ తుప్పు పట్టిస్తుంది. దాని మీద కొట్టిన ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) ఆరాక 400, తర్వాత 800 నంబరు వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే కాగితం).

మన దగ్గర పెద్ద తంటా ఎండ. మధ్యాహ్నం బానెట్ మీద చెయ్యి ఆనించలేం. అంత కాలిన రేకు మీద థిన్నర్ ముందే ఎగిరిపోయి రంగు పరుచుకోదు, తడిమితే నారింజ తొక్కలా గరుకుగా తగులుతుంది. అలా అయిన డోరును బాగా ఆరనిచ్చి, 800తో నున్నగా రుద్ది, మళ్లీ కొట్టాల్సి వచ్చింది. ఈసారి తెల్లారి 6 గంటలకు, నెమ్మదిగా ఎగిరే స్లో థిన్నర్‌తో, దుమ్ము లేవకుండా నేల తడిపి. గన్ జానెడు దూరం, ప్రతి వరుస ముందు వరుసను సగం కప్పాలి. కోటుకూ కోటుకూ మధ్య 10–15 నిమిషాలు.

హార్డెనర్ కలిపిన రంగు ఆవిరి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ముక్కుకు గుడ్డ కడితే ఆగదు, ఆవిరిని ఆపే ఫిల్టరున్న మాస్కు కొనండి.