ఎంబీఏ ఫైనాన్స్ ప్రాజెక్టుకు ముందు జాగ్రత్తలు

- టాపిక్ ఖరారు చేయకముందే డేటా దొరుకుతుందో లేదో చూసుకోండి. కంపెనీ వాళ్లు లోపలి లెక్కలు ఇస్తామని నోటిమాటగా చెబితే సరిపోదు, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

- షేర్ల ధరలైతే బోనస్ (ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు), స్ప్లిట్ (ఒక షేరును చిన్న షేర్లుగా విడగొట్టడం) లకు తగ్గట్టు సర్దినవే వాడండి. 2024 అక్టోబరులో రిలయన్స్ ఒకటికొకటి, అంటే ఉన్న ఒక్కో షేరుకు ఇంకో షేరు బోనస్ ఇచ్చింది, దాంతో షేరు ధర దాదాపు సగానికి మారింది. సర్దకపోతే మీ షీట్‌లో అది ఒక్కరోజులో సగం నష్టంగా కనిపిస్తుంది.

- ఇది మాత్రం అస్సలు మర్చిపోవద్దు: ఇవాళ్టి నిఫ్టీ 50 (ఎన్ఎస్ఈలోని 50 పెద్ద కంపెనీల సూచీ) జాబితా పట్టుకుని ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లకండి, ఎందుకంటే 2009లో సత్యం కంప్యూటర్స్, 2020లో యెస్ బ్యాంక్ అందులోంచి పోయాయి, అలాంటివాటిని వదిలేసి లెక్కేస్తే రాబడి అసలుకంటే బాగా కనబడుతుంది.

- ఏ పద్ధతిలో లెక్కేస్తారో గైడ్‌కి ముందే చూపించండి.

- ఎక్సెల్ ఫైల్ రెండుచోట్ల దాచండి.