పెద్దవయసు రోగి తెలివిని పడక దగ్గర పరీక్షించడం

కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రికి ఆదోని, పత్తికొండ పల్లెల నుంచి వచ్చే వృద్ధులను ప్రశ్నలు అడిగే ముందు, వారికి మన మాట వినబడుతున్నదా, కళ్లద్దాలు వెంట ఉన్నాయా, ఇంట్లో మాట్లాడేది తెలుగా, ఉర్దూనా, కన్నడమా అన్నది తెలుసుకోవాలి. ఇవేవీ చూడకుండా గబగబా అడిగి, జవాబు రాలేదని మతి తప్పినట్టు రాయడం అన్యాయం.

మొదట స్పృహను చూడాలి. 1974 నుంచి వాడుకలో ఉన్న గ్లాస్గో కోమా స్కేలులో కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6 చొప్పున గరిష్ఠం 15, కనిష్ఠం 3. మొత్తంతో పాటు మూడు అంకెలనూ విడివిడిగా రాయాలి. అయితే 15 వచ్చినంత మాత్రాన జ్ఞాపకశక్తి, ఏకాగ్రత బాగున్నాయని అనుకోకూడదు.

సేద్యం చేసుకునే జేజికి ఇంగ్లీషు తేదీతో ఎన్నడూ పనిపడి ఉండకపోవచ్చు కాబట్టి, ఉగాది అయిపోయిందా, చేలో ఇప్పుడు ఏ పని నడుస్తున్నది, ఇది ఏ ఊరు, వెంట వచ్చినది ఎవరు అని అడగడం మేలు. గురువారాన్ని బేస్తవారం అంటే అది సరైన జవాబే. చదవడం, రాయడం అవసరమయ్యే 30 మార్కుల మినీ మెంటల్ పరీక్ష చదువు రానివారిని తక్కువ చేసి చూపుతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఏకాగ్రత పరీక్ష. వారాల పేర్లను వెనక నుంచి చెప్పమన్నప్పుడు ఆదివారం, శనివారం, శుక్రవారం దాకా వచ్చి, కిటికీ వైపు తిరిగి, "ఎనుముకు కుడితి పెట్టల్ల" అని లేవబోయే జేజి విషయంలో వెంటనే ఆమె కొడుకునో కోడలినో "నిన్న మొన్న కూడా ఇట్లే ఉండెనా?" అని అడగాలి. మార్పు హఠాత్తుగా వచ్చి హెచ్చుతగ్గులవుతూ, ఏకాగ్రత కుదరక, వాటికి తోడు మాటల్లో పొంతన లేకపోవడమో స్పృహలో తేడానో కనిపిస్తే, 1990లో వచ్చిన కామ్ (కన్ఫ్యూజన్ అసెస్‌మెంట్ మెథడ్) పద్ధతి ప్రకారం దానిని డెలీరియంగా, అంటే ఒంట్లోని జబ్బు వల్లో మందుల వల్లో ఉన్నట్టుండి మతి తికమకపడే స్థితిగా, అనుమానించాలి. అరిచే రోగిని అందరూ గమనిస్తారు గానీ, అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకొని మగతగా కూర్చున్న రోగికీ ఇదే జబ్బు ఉండవచ్చు. వయసు మీద పడిందని అతణ్ణి వదిలేయడం నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

అనుమానం కలిగిన వెంటనే రక్తంలో చక్కెర, ఆక్సిజన్, జ్వరం, బీపీ చూసి, మూత్రం బిగిసిందా, కొత్తగా నిద్రమాత్ర ఏదైనా మొదలైందా అన్నది కనుక్కొని డాక్టరుకు తెలపాలి. కేస్ షీటులో "తికమకగా ఉంది" అని ఒక్క ముక్కలో ముగించకుండా, అడిగిన ప్రశ్న, ఆమె అన్న మాట, సమయం ఉన్నవి ఉన్నట్టు రాస్తే, రాత్రి డ్యూటీకి వచ్చే నర్సు అదే ప్రశ్న మళ్లీ అడిగి తేడాను పట్టుకోగలుగుతుంది.