పెద్దవాళ్ల మొబిలిటీ స్కూటర్ (నడవడం కష్టమైనవాళ్లు కూర్చుని వెళ్లే బ్యాటరీ బండి): గేటు దాటే ముందు జాగ్రత్తలు

☐ అన్నిటికన్నా ముందు వెనకవైపు ఫ్రీవీల్ లివర్ (చక్రాలు ఊరికే తిరిగేలా వదిలే మీట) చూడండి. బండిని చేత్తో తోయడానికి దాన్ని తీస్తారు, మళ్లీ వేయడం మరిచిపోతారు. యాక్సిలరేటర్ వదలగానే బండిని ఆపేది మోటారు దగ్గరున్న బ్రేకు. ఫ్రీవీల్‌లో అది పనిచేయదు, వాలులో బండి జారిపోతుంది. అందుకే ర్యాంపు మీద ఉండగా ఆ లివర్ జోలికే పోవద్దు.

☐ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తాళం ఆఫ్‌లో ఉండాలి. హ్యాండిల్ పట్టుకుని లేవబోతే చెయ్యి యాక్సిలరేటర్‌కి తగిలి బండి ముందుకు దూకుతుంది.

☐ తిరిగే సీటు లాక్ పడిందా? కొంగు, పంచె అంచు చక్రాలకు దూరంగా దోపుకున్నారా?

☐ వేగం నాబ్ తాబేలు బొమ్మ వైపే. మూడు చక్రాల బండైతే మరీ ముఖ్యం, మలుపులో తొందరగా ఒరుగుతుంది.

☐ చార్జింగ్ రాత్రే పూర్తవ్వాలి. కంపెనీ చెప్పే కిలోమీటర్లు చదునైన రోడ్డు లెక్క. మన గుంతలకు, ఎత్తుపల్లాలకు అంత రాదు.

☐ స్పీడ్ బ్రేకర్ని తిన్నగా ఎదురుగా ఎక్కాలి, ఏటవాలుగా కాదు. నీళ్లు నిలిచిన చోటికి అసలు వద్దు.

☐ మగతనిచ్చే మాత్ర వేసుకున్న రోజు బండి ఇంట్లోనే. తాతయ్య అలిగినా సరే.