సభా నియమాన్ని మార్పించడం ఎలా? మహిళా సభ్యులకు పనికొచ్చే దారి

చట్టసభలో నియమాల మీద పోరాటం రెండు రకాలు. ఉన్న నియమాన్ని అమలు చేయమని పట్టుబట్టడం ఒకటి, నియమాన్నే మార్చమనడం రెండోది. మొదటిది లేచి నిలబడి చేసేది, రెండోది కాగితం మీద చేసేది. ఈ రెంటినీ కలిపేస్తే రెండూ చెడతాయి.

ఇది మహిళలకు కొత్త పనేమీ కాదు. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభ తన నియమాలు రాసుకోవడానికి వేసుకున్న కమిటీలో జి. దుర్గాబాయి సభ్యురాలు (దేశ్‌ముఖ్ అన్న పేరు ఆమెకు తర్వాత వచ్చింది). నియమాలు రాసేచోట కూర్చోవడం ఎంత ముఖ్యమో అప్పుడే తెలిసిందన్నమాట.

కింద ఇచ్చిన నియమాల నంబర్లు లోక్‌సభవి. రాష్ట్ర శాసనసభలు 208వ అధికరణం కింద సొంత నియమావళి చేసుకుంటాయి కాబట్టి అక్కడ నంబర్లు వేరుగా ఉంటాయి. రాజ్యసభలోనూ అంతే: పాయింట్ ఆఫ్ ఆర్డర్ (నియమం తప్పుతోందని లేచి సభాపతి తీర్పు కోరడం) లోక్‌సభలో 376, రాజ్యసభలో 258. పక్క సభ నంబరు చెప్పి నవ్వులపాలు కాకండి.

1. అడ్డు ఎక్కడుందో ముందు తేల్చుకోండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మీకు ఇబ్బందిగా ఉన్న సంగతి నాలుగు చోట్లలో ఎక్కడో ఒకచోట ఉంటుంది: రాజ్యాంగంలో, నియమావళిలో, స్పీకర్ ఆదేశాల్లో, లేదా ఊరికే అలవాటులో. మార్చే దారి ఒక్కోదానికి ఒక్కోటి.

అలవాటైతే ఉత్తరం చాలు. మంత్రుల లిఖితపూర్వక జవాబుల్లో ‘నో సర్’ అని రాయడం మీద రాజ్యసభ సభ్యురాలు ప్రియాంక చతుర్వేది 2022 సెప్టెంబరులో లేఖ రాశారు. లింగభేదం లేని జవాబులు పంపాలని మంత్రిత్వ శాఖలకు చెబుతామని అదే నెలలో రాజ్యసభ సచివాలయం తెలిపింది. తీర్మానం లేదు, ఓటింగు లేదు.

పుస్తకంలో ఉన్న మాటైతే నియమాల కమిటీ దాకా వెళ్లాలి. మీరా కుమార్ స్పీకర్‌గా ఉండగా 2014లో లోక్‌సభ నియమావళి భాషను స్త్రీపురుష భేదం లేకుండా మార్చారు.

రాజ్యాంగంలోనే ఉంటే నియమాల కమిటీ కూడా ఏమీ చేయలేదు. బ్రిటన్ కామన్స్ సభ 2019లో ప్రసవ సెలవులో ఉన్న సభ్యుల తరఫున మరొకరు ఓటు వేసే ఏర్పాటు తెచ్చింది. మన దగ్గర అదే అడిగితే 100వ అధికరణం అడ్డొస్తుంది: ‘హాజరై ఓటు వేసిన’ సభ్యుల మెజారిటీతోనే నిర్ణయం జరగాలి. దానికి రాజ్యాంగ సవరణ తప్ప దారి లేదు. పసిబిడ్డను సభలోకి తీసుకురానివ్వమని అడగడం వేరు. 2016లో ఆస్ట్రేలియా ప్రతినిధుల సభ తన నియమాలు సవరించి అందుకు ఒప్పుకుంది. అలాంటిది సభ తన చేతుల్లో ఉన్న అధికారంతో చేసుకోగలదు.

2. పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేవనెత్తే పద్ధతి

లేచి ‘పాయింట్ ఆఫ్ ఆర్డర్’ అని ఆగండి. సభాపతి పిలిచాక మొదటి వాక్యంలోనే నియమం నంబరు లేదా అధికరణం చెప్పండి. రెండో వాక్యం అది ఎలా ఉల్లంఘన అయిందో, మూడోది ఏం తీర్పు కోరుతున్నారో. అంతే. నాలుగో వాక్యం మొదలైతే మైకు పోతుందనే అనుకోండి.

తోసిపుచ్చే కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే:
- ఆ క్షణాన సభ ముందున్న అంశానికి సంబంధం లేదు. పొద్దున జరిగినదాన్ని మధ్యాహ్నం లేవనెత్తితే చెల్లదు.
- సమాచారం అడుగుతున్నారు, లేదా సొంత వైఖరి వివరిస్తున్నారు.
- ‘ఒకవేళ ఇలా జరిగితే’ అన్న ఊహాప్రశ్న.
- తీర్మానాన్ని సభాపతి ఓటుకు పెడుతున్న సమయం.

మీ మీద అవమానకరమైన మాట పడితే అప్పటికప్పుడే 380వ నియమం చెప్పి రికార్డుల నుంచి తొలగించమనండి. గంటసేపు నిరసన చేశాక అడిగితే చర్చంతా నిరసన మీదికి పోతుంది, మాట మిగిలిపోతుంది.

3. సవరణను సవరణలా రాయండి

‘మహిళలకు గౌరవం పెంచాలి’ అన్నది ప్రసంగం. సవరణ అంటే: ‘ఫలానా నియమం, ఫలానా ఉపనియమంలో ఈ మాటలకు బదులు ఈ మాటలు ఉంచాలి.’ కింద నాలుగు వరుసల కారణం, మరో సభలో అమలులో ఉంటే దాని పాఠం. ఆ మాట నియమావళిలో ఇంకెక్కడెక్కడ వస్తుందో వెతికి అన్నిటికీ కలిపి రాయండి. ఒక్కచోట వదిలితే రెండు నియమాలు ఒకదానితో ఒకటి తగాదాపడతాయి.

దీన్ని నియమాల కమిటీ పరిశీలనకు పెట్టాలని సెక్రటరీ జనరల్‌కు (సభ సచివాలయం అధిపతికి) రాసి ఇవ్వండి. కమిటీలో స్పీకర్‌తో కలిపి 15 మంది. స్పీకరే అధ్యక్షులు, మిగతావారిని నామినేట్ చేసేదీ స్పీకరే. మహిళ ఉండి తీరాలన్న నిబంధన లేదు. కాబట్టి కమిటీ ఏర్పడేటప్పుడే మీ పార్టీ నాయకత్వం పంపే పేర్లలో మీ పేరు ఉండేలా చూసుకోండి. తరచూ కూర్చునే కమిటీ కాదిది. ఒక సమావేశం తప్పితే తర్వాతిదానికి చాలా కాలం పట్టవచ్చు.

4. ఆ 7 రోజులు

కమిటీ సిఫార్సులను సభా సమక్షంలో ఉంచిన రోజుతో కలిపి 7 రోజుల్లోగా ఏ సభ్యురాలైనా వాటికి సవరణ నోటీసు ఇవ్వవచ్చు (331వ నియమం). సోమవారం ఉంచితే ఆదివారంతో గడువు తీరుతుంది, సోమవారంతో కాదు. ఎవరూ నోటీసు ఇవ్వకపోతే సిఫార్సులను సభ ఆమోదించినట్టే లెక్క. చర్చే ఉండదు. ‘చర్చ లేకుండా మార్చేశారు’ అన్న ఫిర్యాదుకు చాలాసార్లు అసలు కారణం ఈ మౌనమే.

నోటీసు పడితే అది కమిటీకి వెళ్తుంది, కమిటీ తుది నివేదిక తెస్తుంది, కమిటీ సభ్యులొకరు ప్రతిపాదించిన తీర్మానం మీద సభ నిర్ణయిస్తుంది. అప్పుడు మాట్లాడే అవకాశం వస్తే సిద్ధాంతం వదిలేసి, పాత పాఠం చదివి, కొత్త పాఠం చదివి, తేడా చెప్పండి.

ఆమోదం పొందిన మార్పు సభ బులెటిన్‌లో (సభ్యుల కోసం సభ వెలువరించే అధికారిక పత్రంలో) ప్రచురితమైన రోజు నుంచి, వేరే తేదీ చెప్పకపోతే, అమల్లోకి వస్తుంది. నియమావళి కొత్త ముద్రణ వచ్చేదాకా ఆ బులెటిన్ ప్రతిని పుస్తకంలోనే పెట్టుకు తిరగండి. ఎదుటివారు పాత పేజీ తెరిచి కాదన్నప్పుడు చూపించాల్సింది అదే.